చింపేయాల్సిన ఉత్తరం

నవంబరు 3, సోమవారం

ఎరువుల కొట్టువాడు జనవరిలో ఇచ్చిన డైరీ ఇది. పది నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఈ రోజు అవసరం పడింది.

పొద్దున్నే నందిగామ నుంచి ఫోను. లహరి అట, బడిలో టీచరట. "మా తాతగారు స్తెఫను గారండి. మీ అన్నయ్యగారు జగన్నాథరావు గారితో ఎయిర్‌ఫోర్సులో పనిచేశారు. విగ్రహం పెడుతున్నారని పేపర్లో చూసిన దగ్గర్నుంచి మీ ఇంటికి తీసుకెళ్లమని ఒకటే గొడవండి" అంది.

ఎందుకని అడిగాను.

"ఏదో చెప్పాలంటున్నారు. మాక్కూడా చెప్పట్లేదండి."

అదీ సంగతి. వచ్చే డిసెంబరు అయిదుకి అన్నయ్య పోయి యాభై నాలుగేళ్లు. ఇన్నేళ్లూ జాడ లేని మనిషి సరిగ్గా విగ్రహం పెట్టే ముందు ఊడిపడి ఏదో చెప్పాలంటున్నాడు. మంచి మాటే అయితే మనవరాలికి చెప్పడానికేం?

ఈ ఆదివారం కుదరదు, పై ఆదివారం రమ్మన్నాను. ఈ ఆదివారం నాకు ఏ పనీ లేదు. కానీ కాస్త వ్యవధి కావాలి.

ఈ డైరీని పురుగుమందుల బీరువాలో పెడుతున్నాను. ఆ వాసనకి మా ఇంట్లో ఎవరూ అటు రారు.

నవంబరు 4

ఆ ఉత్తరం అన్నయ్య చింపేసే ఉంటాడు. అలాంటి ఉత్తరం చింపకుండా ఎవరు ఉంచుకుంటారు?

నవంబరు 6, గురువారం

వరసగా రాసుకుంటే బుర్ర తేటపడుతుందేమో చూద్దాం.

అన్నయ్య నాకంటే అయిదేళ్లు పెద్ద. నాన్నకి మేమిద్దరమే. మాది పద్దెనిమిది ఎకరాల మెట్ట. జొన్న, కంది, వాన దయ తలిస్తే మిరప. అన్నయ్య పన్నెండేళ్లకే అరక పట్టాడు. అంత తిన్నగా సాలు తోలేవాడు చుట్టుపక్కల నాలుగూళ్లలో లేడని అందరూ అనేవాళ్లు. నేను ఎంత తిన్నగా తోలినా ఆ మాట నన్ను ఎవరూ అనలేదు. పోనీలే, అది వేరే సంగతి.

అరవై ఒకటిలో బావి తవ్వాం. ముప్పై అడుగులకి రాయి పడింది. మరుసటేటి వేసవి దాకా అన్నయ్య ఆ రాయితో కుస్తీ పట్టాడు. చెమ్మ కూడా తగల్లేదు. 1962 మే నెలలో ఒక పొద్దున గునపం బావిలోనే వదిలేసి, బస్సెక్కి బెజవాడ వెళ్లి, ఎయిర్‌ఫోర్సులో చేరడానికి పేరిచ్చి వచ్చాడు. అప్పటికి పంతొమ్మిదేళ్లు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. నాన్న మాత్రం ఒక్కటే మాట అన్నాడు. "అయితే బ్రహ్మయ్యని బడి మాన్పించాలి." నాకు పద్నాలుగు.

అక్కడ అన్నయ్య పని విమానాలకి బాంబులు బిగించడం. "ఎద్దుబండికీ విమానానికీ పెద్ద తేడా లేదు తమ్ముడూ, బరువు రెండు పక్కలా సమంగా ఉండాలి" అని రాసేవాడు. ఆ ఉత్తరాలు రచ్చబండ మీద చదివించుకొని ఊరంతా మురిసిపోయేది. ఎద్దుల వెనక నడిచేది నేను. నన్ను చూసి మురిసినవాడు లేడు.

ఉద్యోగం తొమ్మిదేళ్లకి ఒప్పందం. డెబ్భై ఒకటి మే నెలకి అయిపోతుంది. ఆ ముందు డిసెంబరులో సెలవు మీద వచ్చినప్పుడు మా పొలిమేరలో సాగర్ కాలువకి గుర్తురాళ్లు పాతి ఉన్నాయి. బూట్లు విప్పి గట్టు మీద పెట్టి, ఆ రాళ్ల వెంట చివరిదాకా నడిచాడు. నేను వెనకే నడిచాను. అప్పుడేమీ అనలేదు. తిరిగి వెళ్లాక ఉత్తరం రాశాడు. కాలువ వస్తోంది కదా, ఉద్యోగం చాలు, మే నెలకి వచ్చేస్తాను, ఇద్దరం కలిసి చేసుకుందాం అని.

రావద్దని జవాబు రాశాను. ఇంకో ఆరేళ్లు పొడిగించుకోమని రాశాను. నాన్న చెప్పాడు, నేను రాశాను. చేతిరాత నాది, అంతవరకే.

అన్నయ్య పొడిగించుకున్నాడు. డిసెంబరులో యుద్ధం వచ్చింది. పడమటి సరిహద్దులో అన్నయ్య వాళ్ల విమానాశ్రయం మీద బాంబులు పడ్డాయి. ఒక జవాను అస్థికలు పట్టుకొని రైల్లో వచ్చాడు. వేదాద్రి తీసుకెళ్లి కృష్ణలో కలిపాం.

ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. ఆ ఉత్తరం స్తెఫను దగ్గర ఉందా, లేదా? ఉంటే మాత్రం పుష్పవతి వదిన ముందు నేను తలెత్తుకోలేను. కాపురానికి వచ్చిన మూడేళ్లకే ఒంటరిదయింది. పిల్లల్లేరు. పుట్టింటివాళ్లు జి.కొండూరు నుంచి ఎన్నిసార్లు వచ్చి పిలిచినా వెళ్లలేదు. నా కొడుకు కిషోర్‌బాబు ఆమె ఒళ్లోనే పెరిగాడు. నా భార్య పోయిన ఈ ఎనిమిదేళ్లుగా నాకు వేళకి ముద్ద పెడుతున్నది కూడా ఆమే.

నవంబరు 9, ఆదివారం

వదిన ఈ వారంలో మూడోసారి అడిగింది. "ఆ స్తెఫను గారు వచ్చేది ఎప్పుడన్నావ్?"

"పై ఆదివారం అని చెప్పాగా వదినా."

"మాంసం తింటారో తినరో కనుక్కోవాల్సింది."

మాంసం కోసం మూడుసార్లు అడుగుతారా? ఆమెకేదో తెలుసు. లేకపోతే ఆ లహరి నాకంటే ముందు ఆమెకే ఫోను చేసి ఉంటుంది. కిషోర్‌బాబు కూడా మారాడు. నేను గదిలోకి రాగానే ఫోను బోర్లా పెడుతున్నాడు. ఏంట్రా అంటే, "విత్తనాల కంపెనీవాళ్ల గ్రూపు నాన్నా, నీకెందుకు" అన్నాడు. నాకెందుకట.

బీరువాలో డైరీ నేను పెట్టినట్టు లేదు. సీసాలకి ఎడమ వైపు పెట్టినట్టు గుర్తు. కుడి వైపు ఉంది. రేపట్నుంచి పైన ఒక మిరపగింజ పెట్టి చూస్తాను.

నవంబరు 10

గింజ కదల్లేదు. అంతమాత్రాన ఎవరూ చూడలేదని చెప్పలేం. చూసి మళ్లీ పెట్టి ఉండొచ్చు.

నవంబరు 12, బుధవారం

జగ్గయ్యపేట వెళ్లాను. విగ్రహం పెట్టిస్తున్నది బట్టల కొట్టు వెంకటకృష్ణారావు. మనకీ ఆయనకీ బంధుత్వం లేదు, కులం కాదు, ఊరు కాదు. మా అన్నయ్య విగ్రహం మీద అంత మోజు దేనికని మొదట్నుంచీ నా అనుమానం. అడిగితే, "నా చిన్నప్పుడు మా నాన్న మీ అన్నయ్యగారికి పెళ్లి బట్టలు అమ్మాడండి. అది తలుచుకుంటూ ఉండేవాడు" అంటాడు. ఈ రోజుల్లో పెళ్లి బట్టలు అమ్మినందుకు విగ్రహాలు పెట్టేవాడు ఉంటాడా?

తెనాలి నుంచి వచ్చిన విగ్రహాన్ని కొట్టు వెనక గోడౌన్లో ఉంచారు. ఛాతీ దాకా ఉంది. మీసం లావుగా పెట్టారు. అన్నయ్యది సన్న మీసం. చెబితే, "వీరుడికి ఆ మాత్రం మీసం ఉండాలండి" అని నవ్వాడు వెంకటకృష్ణారావు. ఆ తర్వాత ఆహ్వానపత్రం నమూనా చూపించాడు. పైన అన్నయ్య ఫోటో. కింద నా ఫోటో. నా ఫోటో కింద, "అన్న దేశం కోసం ప్రాణమిస్తే, అన్న కోసం పొలాన్ని కాపాడిన తమ్ముడు."

"ఇది ఎవరు రాయమన్నారండీ?" అన్నాను.

"ఎవరో రాయమనాలా? ఊళ్లో అందరూ అనే మాటే కదండీ."

నా ముఖంలోకి చూస్తూనే అన్నాడు. వెక్కిరింపో కాదో తెలియలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందని ఇంకేమీ అడగలేదు. టీ తాగి వచ్చేశాను.

నవంబరు 13

నాన్నకి అన్నయ్య ఉత్తరం చదివి వినిపించాను. వినిపించాననే గుర్తు.

నవంబరు 14, శుక్రవారం

ఇంకొక సంగతి ఉంది. ఇది రాయాలా వద్దా అని నాలుగు రోజులుగా అనుకుంటున్నాను. ఎవరూ చూడరు కదా, రాస్తున్నాను.

అన్నయ్య ఉత్తరం వచ్చాక నేను వెంటనే జవాబు ఇవ్వలేదు. పదిహేను రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. ఆ తర్వాత మా మేనత్త పోయింది. దినం అయ్యాక అన్నయ్యకి చావు కబురు రాయమన్నారు. ఇన్‌లాండ్ కవరు తీసి సగం దాకా అత్త సంగతి రాశాను. మిగతా సగంలో రావద్దని రాశాను. రెండిటికీ రెండు ఉత్తరాలు రాయొచ్చు. ఒక్కదాంట్లోనే రాశాను.

ఎందుకంటే చావు కబురు ఉత్తరాన్ని ఇంట్లో ఎవరూ ఉంచుకోరు. చదవగానే చింపి బయట పారేసి, కాళ్లు కడుక్కొని లోపలికి వస్తారు. మా ఇంట్లో అమ్మ అలాగే చేసేది. అన్నయ్యా అంతే, అమ్మ పెంపకం. ఆ ఉత్తరం ఎక్కువసేపు బతకదని నాకు తెలుసు. తెలిసే అందులో రాశాను.

ఇన్నేళ్లూ ఆ ధైర్యంతోనే ఉన్నాను. కానీ అది మన ఇళ్ల ఆచారం. బ్యారకుల్లో ఆ పట్టింపులు ఉంటాయా? అన్నయ్య ఉత్తరాల్లో ఉండే పక్క మంచం స్తెఫను క్రైస్తవుడు. వాళ్లకి చావు ఉత్తరం అయితే ఏం, పెళ్లి ఉత్తరం అయితే ఏం? చింపిన ముక్కల్ని ఎవరో ఏరి అతికించి ఉండొచ్చు. ఎందుకు అతికిస్తారు అని నన్ను నేనే అడిగాను. మనుషులు ఎందుకైనా చేస్తారు.

నవంబరు 16, ఆదివారం

వచ్చాడు. వెళ్లాడు. మొత్తం ఇప్పుడే రాసేయాలి.

పదకొండింటికి, ప్రార్థన అయ్యాక, మనవరాలు కారులో తీసుకొచ్చింది. తెల్ల చొక్కా, చేతికర్ర, ఎనభై ఏళ్లుంటాయి. నడుం ఇంకా నిటారుగా ఉంది. చేతిలో సంచి లేదు, కవరు లేదు. జేబులు చూశాను. చొక్కా జేబులో కళ్లజోడు డబ్బా తప్ప ఏమీ లేదు. కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. "రావు భార్య మీరేనా అమ్మా?" అన్నాడు వదినతో. అక్కడ అందరూ అన్నయ్యని రావు అనేవాళ్లట. వదిన అవునంది. అంతే, కర్ర పక్కన పడేసి ఆమె కాళ్ల దగ్గర నేల మీద కూలబడ్డాడు.

"తాతయ్యా!" అంటూ ఆ పిల్ల పరిగెత్తింది. కిషోర్‌బాబు పట్టుకోబోతే చెయ్యి విదిలించుకున్నాడు.

"ఆ రోజు డ్యూటీ నాదమ్మా" అన్నాడు. "తెల్లారి విమానాలకి బాంబులు ఎక్కించాలి. నాకు నూటమూడు జ్వరం. వెళ్తానని లేచి కూడా బూట్లు కట్టుకోలేకపోయా. రావు నన్ను మంచం మీదకి తోశాడు. పడుకోవయ్యా స్తెఫనూ, కల్లంలో మిరపకాయలకి కాపలా కాసినవాణ్ణి, నాకిదొక లెక్కా అన్నాడు. నవ్వుతా వెళ్లాడమ్మా. అరగంటకి వాళ్ల విమానాలొచ్చినయ్. నేను మంచం కింద దూరా. రావు బయట ఉన్నాడు."

బయట పత్తి ట్రాక్టరు వెళ్తున్న చప్పుడు ఒక్కటే.

"అస్థికలు నన్నే తీసుకెళ్లమన్నారు. మీది పక్క ఊరేగా అన్నారు. నేను పోనన్నా. మీ ముఖం చూడలేక. రిటైరయ్యాక బెంగళూరులోనే ఉండిపోయా, నందిగామ వస్తే మీ ఊరి బస్సు కనపడుద్దని. ఈ ఏడే వచ్చా. నా చావు నేను చావాల్సిందమ్మా. మీ ఆయన చచ్చాడు."

ఇక్కడ నేను ఏం చేశానో రాయాలి. అరిచాను. "యాభై నాలుగేళ్లు దాచిపెట్టావా? నువ్వు మనిషివేనా?" అని అరిచాను. ఆ గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియదు. ఆయన తల వంచుకొని, "కాదండి" అన్నాడు.

వదిన మాత్రం ఏడవలేదు. వంగి ఆయన భుజం పట్టుకుంది. "లేవండి. ముందు లేచి కూర్చోండి. అంత జ్వరంలో మీరు వెళ్లుంటే మీ ఇంట్లో ఇంకొక ఆడది ఏడ్చేది. దాంట్లో మీ తప్పేముంది?" అంది. అని నా వైపు చూసింది. నేను గోడ మీద క్యాలెండరు చూశాను.

భోజనం పెట్టింది. తింటూ ఆయనే అన్నాడు. "మీ ఉత్తరాలన్నీ రావు నాకు చదివి వినిపించేవాడండీ బ్రహ్మయ్యగారూ." నేను మంచినీళ్ల గ్లాసు అందుకున్నాను. "మీ మేనత్త పోయిందని రాశారే, అదొక్కటే చదవలేదు. చదువుకొని, ముక్కలుగా చింపి బయట పారేసి, చేతులు కడుక్కొచ్చాడు. ఆ రోజంతా ఎవరితో మాట్లాడలా. మెస్సుకి కూడా రాలేదు. మేనత్తంటే అంత ప్రేమా అనుకున్నా నేను."

అవునండీ, మా అత్తంటే ప్రాణం అన్నయ్యకి అన్నాను.

నవంబరు 17

నిద్ర పట్టింది. తెల్లారి ఏడింటి దాకా లేవలేదు. పొలం దాకా నడిచి వచ్చాను. ఎన్నాళ్లకో కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. ఉత్తరం చింపేశాడు. అన్నయ్య బంగారం.

అన్నయ్య ఎలా పోయాడో కూడా తెలిసిపోయింది. డ్యూటీ స్తెఫనుది. ఆయనే ఒప్పుకున్నాడు. అందరి ముందూ ఒప్పుకున్నాడు.

నవంబరు 20, గురువారం

ఆహ్వానపత్రంలో అతిథుల పేర్లలో స్తెఫను పేరు కూడా చేర్పించాడట కిషోర్‌బాబు. నేను వెంకటకృష్ణారావుకి ఫోను చేసి తీయించేశాను. ఆయన డ్యూటీ చేసి ఉంటే మా అన్నయ్య ఈ రోజు ఇక్కడ కూర్చొని ఉండేవాడు. అలాంటివాణ్ణి వేదిక ఎక్కిస్తామా? కిషోర్‌బాబు, "పాపం ముసలాయన నాన్నా" అన్నాడు. పాపం ఎవరిదో వాడికేం తెలుసు?

స్తెఫను నిజంగా జ్వరంతోనే ఉన్నాడా అని కూడా అనుమానంగా ఉంది. యుద్ధం అనగానే చాలామందికి జ్వరాలు వస్తాయి.

ఈ ముక్క ఊళ్లో ఒకరిద్దరితో అన్నాను కూడా.

నవంబరు 23, ఆదివారం

మధ్యాహ్నం నేను మంచం మీద ఒరిగి ఉంటే వదిన వచ్చి గుమ్మంలో నిలబడింది. కిషోర్‌బాబు కొట్టుకి వెళ్లాడు. ఇంట్లో మేమిద్దరమే.

"స్తెఫను గారి పేరు కొట్టేయించావంటగా."

"మరి? అన్నయ్య చావుకి కారణమైన మనిషిని పిలిచి దండ వేయమంటావా?"

"కారణం ఆయనేనా?"

"ఆయనే ఒప్పుకున్నాడుగా వదినా."

"ఆయన ఒప్పుకున్నాడు" అంది. 'ఆయన' అన్న మాటని ఎంత నెమ్మదిగా అందో ఇంకా నా చెవుల్లోనే ఉంది. "మే నెలకి ఇంటికి రావాల్సిన మనిషి, బ్రహ్మయ్యా. డిసెంబరులో అక్కడ ఎందుకున్నాడు?"

మంచం మీద లేచి కూర్చున్నాను.

"నేనప్పుడు జి.కొండూరులో ఉన్నా, మా అమ్మకి బాగోక. అక్కడికి రాశాడు నాకు. తమ్ముడు రావద్దంటున్నాడు, ఇంకో ఆరేళ్లకి సంతకం పెట్టాను, వాణ్ణి ఏమీ అనకు అని. అనొద్దన్నాడు. అనలేదు."

అంటే మొదట్నుంచీ తెలుసు. అన్నయ్య బతికి ఉండగానే తెలుసు. అస్థికలు వచ్చిన రోజు తెలుసు. నా పెళ్లికి తలంబ్రాలు కలిపిన రోజు తెలుసు. కిషోర్‌బాబుని ఎత్తుకొని తిప్పిన రోజులన్నీ తెలుసు. నేను ఎవరెవర్నో అనుమానించాను. నిప్పు నా కంచం పక్కనే ఉంది.

"ఇప్పుడు కూడా అనట్లా" అంది వదిన. "నాకేం చెప్పక్కర్లా. ఆ ముసలాయనకి చెప్పు. ఎనభై ఏళ్ల మనిషి నా కాళ్ల మీద పడితే చూస్తా నిలబడ్డావ్. పైగా మనిషివేనా అన్నావ్. ఆయన ఆ బరువు మోస్తా పోకూడదు. వెళ్లి చెప్పు."

వెళ్లిపోయింది. కాసేపటికి నాలుగింటి టీ ఎప్పట్లాగే పంపింది.

నవంబరు 25

అప్పట్లో మే నెలలో ఇంటికి వచ్చినవాళ్లని కూడా యుద్ధం రాగానే మళ్లీ పిలిపించారని ఎక్కడో చదివాను. అన్నయ్య వచ్చినా పిలిచేవాళ్లే. వెళ్లేవాడే. అక్కడే ఉండేవాడే. అప్పుడు నా ఉత్తరం దేనికీ కారణం కాదు.

సరిగ్గా అదే చోటికి, అదే పొద్దున, స్తెఫనుకి జ్వరం వచ్చిన పూటే పిలిచేవాళ్లా?

కాలువ మాటకొస్తే, వచ్చింది. మాది కాలువకి చివరి భూమి. మా దాకా నీళ్లు నిండుగా వచ్చిన ఏళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

నాన్నకి ఉత్తరం చదివి వినిపించలేదు. అసలు అలాంటి ఉత్తరం వచ్చిందని కూడా చెప్పలేదు.

నవంబరు 27, గురువారం

నందిగామ వెళ్లాను. బస్సులో రెండుసార్లు దిగిపోదామనుకున్నాను.

లహరి బడికి వెళ్లింది. స్తెఫను గారు వరండాలో కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. నేను ఊళ్లో అన్న మాటలు ఆయన దాకా వచ్చాయని ముఖం చూస్తేనే తెలిసింది. "జ్వరం నిజమేనండీ బ్రహ్మయ్యగారూ" అన్నాడు ముందుగానే. "డాక్టరు రాసిన కాగితం ఇప్పుడెక్కడ తెచ్చేది?"

సిగ్గుతో చచ్చిపోయాను. అలాగే నిలబడి చెప్పేశాను. కాలువ రాళ్లు, అన్నయ్య ఉత్తరం, పదిహేను రోజులు జేబులో పెట్టుకోవడం, అత్త చావు కబురు కింద సగంలో నేను రాసింది, చింపేస్తాడని తెలిసే అందులో రాయడం. ఏదీ దాచలేదు. నాన్న పేరు ఎత్తలేదు.

ఆయన రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

"అత్త కోసం కాదన్నమాట" అన్నాడు.

"కాదండి."

"ఆ సాయంత్రం నేనే టీ పట్టుకెళ్లి ఇచ్చా. పోయినవాళ్లు ఎలాగూ పోయారు, ఊరుకో రావూ అని ఓదార్చా. తలూపాడు." కర్ర మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. "నన్ను మనిషివేనా అన్నారు మీరు."

"అన్నాను. తప్పయిపోయింది."

తిడతాడని చూశాను. తిడితే బాగుండనిపించింది. ఆయన తిట్టలేదు, క్షమించానని కూడా అనలేదు. "ఆమెకి చెప్పారా?" అని అడిగాడు.

"ఆమెకి మొదట్నుంచీ తెలుసండి."

"తెలియడం వేరు. మీ నోటితో చెప్పారా?"

లేదన్నాను.

"నాకు చెప్పడానికి యాభై నాలుగేళ్లు పట్టింది. సరే, నేనెక్కడో బెంగళూరులో ఉన్నా" అన్నాడు. "మీకు వంటింట్లోకి నాలుగడుగులండీ."

మంచినీళ్లు కూడా అడగలేకపోయాను. గేటు దాకా వచ్చి, "అయిదో తారీకున నేను వస్తా. పిలిచినా, పిలవకపోయినా" అన్నాడు.

వెంకటకృష్ణారావుకి ఫోను చేసి పేరు మళ్లీ చేర్చమన్నాను. కార్డులు అచ్చయిపోయాయట. పెన్నుతో రాయించమన్నాను. నా ఫోటో కింద ఆ లైను కొట్టేయమన్నాను. "అదేంటండీ, అదే కదా బాగుంది" అన్నాడు.

నవంబరు 28

నాలుగడుగులు.

నవంబరు 29

ఈ రోజు కూడా కుదరలేదు. కిషోర్‌బాబు ఇంట్లోనే ఉన్నాడు. అది కారణం కాదు.

నవంబరు 30, ఆదివారం

పొద్దున వదిన వెనక వసారాలో కూర్చొని కందికాయలు ఒలుస్తోంది. నేను వెళ్లి ఎదురుగా పీట వేసుకున్నాను. గుప్పెడు కాయలు తీసుకొని నేనూ ఒలవడం మొదలుపెట్టాను. ఈ ఇంట్లో నేను ఎప్పుడూ చేయని పని. అయినా ఆమె ఆశ్చర్యపోలేదు.

"నందిగామ వెళ్లొచ్చాను వదినా. స్తెఫను గారికి చెప్పేశాను."

"లహరి ఫోను చేసింది" అంది.

"అన్నయ్యని రావద్దని రాసింది నేనే."

"ఊఁ."

"నాన్న రాయించలేదు. నాన్నకి అసలు తెలియదు."

ఆమె చేతులు ఆగిపోయాయి. తల ఎత్తి నన్ను చూసింది. ఇన్నేళ్లలో నన్ను అలా చూడటం ఎప్పుడూ ఎరగను.

"మామయ్యకి తెలియదా?"

"తెలియదు."

"మామయ్య రాయించాడనుకున్నా. ఇరవై మూడేళ్ల పిల్లాడివి, నీ అంతట నువ్వు రాసుండవులే అనుకున్నా. ఆయన మంచంలో పడ్డ ఏడాదీ చేయాల్సింది చేశా కానీ, ఒక్క మాట మంచిగా మాట్లాడలేదు బ్రహ్మయ్యా. పోయే రోజు, అమ్మా పుష్పవతీ, నామీద కోపమెందుకమ్మా అని అడిగాడు. నేను నీళ్లు పోసి బయటికి వచ్చేశా."

నాకు ఏడుపు వచ్చింది. ఆమెకి రాలేదు. మళ్లీ ఒక కాయ తీసుకుంది, ఒలవలేదు.

"ఎందుకు రాశావ్?" అంది.

ఎన్ని కారణాలు సిద్ధం చేసుకున్నానో. ఆ ఏడు పంట పోయిందని, సర్కారు ఉద్యోగం దొరకడం కష్టమని, అన్నయ్య మంచికే అని. ఒక్కటీ నోట్లోంచి రాలేదు.

"తొమ్మిదేళ్లు ఎండు నేలలో నేను తోలాను వదినా. నీళ్లొచ్చే వేళకి అన్నయ్య వస్తే పొలం అన్నయ్యదైపోతుంది. నేను మళ్లీ జగన్నాథరావు తమ్ముణ్ణయిపోతాను. అందుకని రాశాను."

"అంతేనా?"

"అంతే."

ఆమె చేతిలో కాయని బుట్టలో వేసేసింది.

"ఇంకేదో పెద్ద కారణం ఉండే ఉంటుందనుకున్నా ఇన్నాళ్లూ" అంది వదిన.

బుట్ట నా దగ్గరే వదిలేసి లోపలికి వెళ్లింది.